బిడ్డల లెక్క, తల్లి మాట: ఉత్తరాంధ్ర రచనలలో సంతాననిర్ణయం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చేతిలో డబ్బు లేనప్పుడు బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయాన్ని తెలుగు రచనలూ ప్రభుత్వ పాఠ్యాలూ ఏ భాషలో చెప్పాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం, దాని తొలి కూర్పుకు ఆయన రాసిన పీఠిక, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ, కుటుంబనియంత్రణ నినాదాలు, ఇటీవలి సంక్షేమపథకాల నిబంధనలు ఇందుకు ఆధారాలు. ప్రభుత్వ పాఠ్యం ఈ నిర్ణయాన్ని ‘ఖర్చు’ ప్రశ్నగా చూస్తే, సాహిత్యం దానిని ‘అప్పు’ ప్రశ్నగా, అంటే బిడ్డకు ఎటువంటి బతుకు సంక్రమిస్తుందన్న ప్రశ్నగా చూసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ రెండింటిలోనూ తల్లి మాటకు దక్కిన చోటు ఎంతో అంచనా కడుతుంది.

కీలకపదాలు: సంతాననిర్ణయం, పేదరికం, ఉత్తరాంధ్ర సాహిత్యం, కన్యాశుల్కం, యజ్ఞం, కుటుంబనియంత్రణ, మాతృత్వం.

1. ప్రవేశిక

నర్సీపట్నం నుంచి మన్యానికి పోయే దారిలో, కొండల పాదంలో ఉన్న ఊరు కృష్ణదేవిపేట. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు ఠాణాపై దాడి చేసింది. 1924 మే 7న కాల్పుల్లో మరణించిన ఆయన సమాధి ఈ ఊరిలోనే ఉంది. ఆ తిరుగుబాటుకు చరిత్రకారులు చెప్పే కారణాలలో రెండు ఇంటి ఆదాయానికి సంబంధించినవి. మొదటిది, 1882 నాటి మద్రాసు అటవీచట్టం తరువాత పోడు వ్యవసాయంపై పెరిగిన ఆంక్షలు. రెండవది, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన కొండదారి పనులలో మన్యం ప్రజల చేత చాలీచాలని కూలికి చేయించిన చాకిరి. ఉద్యమచరిత్ర కూలి అన్యాయాన్ని నమోదు చేసింది. ఆ కూలితో ఎంతమందిని సాకగలరన్న ప్రశ్న మాత్రం ఉద్యమచరిత్రకు విషయం కాలేదు. ఆ ప్రశ్న ఎక్కడ నమోదయిందో వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు ఎంచుకున్న రచనలు కృష్ణదేవిపేట గురించి రాసినవి కావు. అయితే ఆ ఊరు చాలాకాలం భాగంగా ఉన్న పాత విశాఖపట్నం జిల్లా నేలకు చెందినవి. గురజాడ పీఠిక రాసిన నాటికి గొలుగొండ తాలూకా, విజయనగరం ఆ జిల్లాలోనివే; శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరు జిల్లాలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలోకి, దాని ఎగువనున్న కొయ్యూరు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పాలనాసరిహద్దులు మారినా పల్లపు భూమి, పోడు, కూలి కలగలిసిన ఆర్థికజీవితం ఈ ప్రాంతాన్ని ఒకటిగా ఉంచింది. ఈ రచనలను కలిపి చదవడానికి అదే ఆధారం.

2. భాషలో నిర్ణయం: ‘కలగడం’, ‘ఆపడం’

ముందుగా భాషను గమనించాలి. తెలుగులో పిల్లలు ‘పుడతారు’, ‘కలుగుతారు’. స్త్రీ ‘నెల తప్పుతుంది’, ‘నీళ్లోసుకుంటుంది’. ఈ ప్రయోగాలలో సంతానం సంభవించేదే గాని నిర్ణయించుకునేది కాదు. నిర్ణయం వినిపించేది మరో క్రియలో: “ఇద్దరితో ఆపేశాం”. ఆ ఆపడానికి జనవ్యవహారంలో ఉన్న మాట ‘ఆపరేషన్’. అంటే కనడం దైవికం, ఆపడం మానవప్రయత్నం అన్న విభజన మన వాడుకలోనే ఉంది. డబ్బు లేనందున ‘ఇప్పుడు వద్దు, తరువాత’ అనుకున్న భార్యాభర్తల స్థితికి ఇలాంటి స్థిరమైన జాతీయం దొరకడం కష్టం.

సామెతలు ఈ విషయంలో రెండు పక్కల నుంచి మాట్లాడతాయి. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్నది భరోసా. పుట్టిన ప్రాణికి తిండి దానంతట అదే సమకూరుతుందన్న ఈ నమ్మకం లెక్క వేయవద్దంటుంది. ‘అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా’ అన్నది అనుమానం. పెంచినవారికి తిరిగి వచ్చేదేమిటని అడిగే ఈ సామెత అప్పటికే లెక్క వేసింది. కాబట్టి పేదవారు ఆలోచన లేకుండా కంటారన్న అభిప్రాయం మన సామెతల ముందే నిలవదు.

ఈ రెండు దృష్టులు సామాజికశాస్త్రంలోనూ ఎదురెదురుగా నిలిచాయి. 1798లో మాల్థస్ ప్రతిపాదించిన వాదం ప్రకారం జనాభా పెరుగుదల ఆహారోత్పత్తిని మించిపోతుంది, పేదలు తమ సంఖ్య వల్లే పేదలవుతారు. పంజాబులోని ఒక గ్రామాన్ని పరిశీలించి మహమూద్ మమ్దానీ 1972లో వెలువరించిన గ్రంథం దీనిని తలకిందులు చేసింది. శ్రమ మీదే బతికే కుటుంబానికి పిల్లలు పనిచేసే చేతులు, అందుచేత ఎక్కువమందిని కనడం వారికి తెలివితక్కువ పని కాదని ఆయన వాదించాడు. జాన్ కాల్డ్‌వెల్ 1976 నుంచి అభివృద్ధి చేసిన సంపదప్రవాహ సిద్ధాంతం మరో మెట్టు ఎక్కింది. సంపద పిల్లల నుంచి పెద్దలకు ప్రవహించినంతకాలం అధికసంతానం లాభదాయకం. బడిచదువు విస్తరించాక ప్రవాహం తిరగబడి, పెద్దల నుంచి పిల్లలకు మారుతుంది. అప్పుడు కాన్పులు తగ్గుతాయి. పశువులను కాసి, పిట్టలను తోలి, కట్టెలు తెచ్చే బిడ్డ ఒక చేయి. బడికి పోయే బిడ్డ ముందు ఒక ఖర్చు.

3. ‘కన్యాశుల్కం’: ఒకే ఇంట్లో రెండు ప్రవాహాలు

కాల్డ్‌వెల్ కన్నా దాదాపు ఎనభయ్యేళ్ల ముందే ఈ తిరగబాటును గురజాడ ఒక ఇంట్లో చూపాడు. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇంట కూతురు ఆదాయం, కొడుకు ఖర్చు. బుచ్చమ్మ పెళ్లి ఆమెను చిన్ననాటనే విధవను చేసింది. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇస్తే పద్దెనిమిది వందల రూపాయల శుల్కం వస్తుంది. ఇంగ్లీషు చదువుతున్న వెంకటేశానికి పుస్తకాలు, పరీక్షలు, పట్నవాసం అంటూ డబ్బు బయటకు పోతుంది. దీనికి తోడు తండ్రిగారి వ్యాజ్యాల ఖర్చు. నాటకాన్ని సంస్కరణోద్దేశంతో మాత్రమే చదివితే శుల్కం ఒక దురాచారం. కుటుంబ ఆర్థికంగా చదివితే, కొత్తగా వచ్చిన చదువు ఖర్చుకూ పాత వివాహవిపణి ఆదాయానికీ ఆ ఇంట్లో లంకె పడింది. కొడుకు భవిష్యత్తుకు పెట్టుబడి కూతురి శరీరం నుంచి వచ్చే అవకాశం ఉంది.

1897 కూర్పుకు రాసిన పీఠిక ఇంకా నిర్దాక్షిణ్యమైనది. విజయనగర సంస్థానాధీశుడు ఆనందగజపతి చేయించిన గణన ప్రకారం విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో నమోదైన శుల్కవివాహాలు 1034 అని గురజాడ అక్కడ చెప్పాడు. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్లవారు, ముగ్గురు ఏడాది పసివాళ్లు. ఆ పసివాళ్ల ఖరీదు తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదిరిన సందర్భాలున్నాయని ఆయన నమోదు చేశాడు. మన చర్చకు ఈ చివరి విషయం కీలకం. బిడ్డ పుట్టకముందే ఆమె మీద డబ్బు లెక్క పుట్టింది. ఆ లెక్కలో అమ్మేవాడు తండ్రి, కొనేవాడు అల్లుడు, సరకు మోస్తున్నది తల్లి. బేరంలో ఆమె పక్షం లేదు.

గురజాడ ఈ లోటును నాటకంలో కొంత పూరించాడు. సుబ్బి పెళ్లికి వెంకమ్మ చావుకైనా తెగించి అడ్డుపడుతుంది. పెద్దకూతురి వైధవ్యం ఆమెకు సిద్ధాంతం కాదు, కళ్లెదుట తిరిగే మనిషి. ఇంటి లెక్క అగ్నిహోత్రావధాన్లుది, దాని ఫలితాన్ని అనుభవించిన జ్ఞానం వెంకమ్మది. పీఠికలోని గణాంకాలకు లేని గొంతు నాటకంలో ఆమెకు ఉంది. అయినా ఆ గొంతు బెదిరింపుగానే వినిపిస్తుంది తప్ప నిర్ణయంగా మారదు. శుల్కం బేరాన్ని తప్పించడానికి ఆమె సోదరుడు కరటకశాస్త్రి మారువేషపు ఎత్తుగడ వేయవలసి వచ్చింది.

4. ‘యజ్ఞం’: వారసత్వంగా అప్పు

కాళీపట్నం రామారావు (1924–2021) 1960లలో రాసిన ‘యజ్ఞం’ సుందరపాలెం అనే ఊరి పంచాయతీ కథ. దళితుడైన అప్పల్రాముడు షావుకారు గోపన్నకు పడిన బాకీ తీర్పుకు వచ్చింది. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు న్యాయవర్తనుడిగా పేరున్నవాడు. ఊరికి అభివృద్ధి వచ్చింది. దానితోపాటే అప్పల్రాముడి కుటుంబం చితికిపోయింది. ఉన్న కాస్త భూమినీ అప్పు కింద వదులుకోవడానికి తండ్రి సిద్ధపడినప్పుడు పెద్దకొడుకు సీతారాముడు తన కన్నకొడుకును చంపి, ఆ శవాన్ని సభలోకి తెస్తాడు.

ఈ ముగింపు మీద తెలుగు విమర్శలో సుదీర్ఘమైన చర్చ జరిగింది. ఆ కోపం షావుకారు మీదికి పోకుండా పసివాడి మీదికి ఎందుకు పోయింది, ఇది వాస్తవమా, ప్రతీకమా అన్నవి అందులో ప్రధానప్రశ్నలు. ఈ వ్యాసం ఆ వివాదాన్ని తీర్చబోదు. సంతాననిర్ణయం వైపు నుంచి చూస్తే అందులో కనబడే మరో సంగతిని మాత్రం చెబుతుంది. సీతారాముడి ప్రశ్న ‘వీడికి అన్నం ఎలా పెట్టాలి’ అన్నది కాదు. ‘వీడు ఎవరి కింద బతకాలి’ అన్నది. భూమి పోయాక మిగిలేది కంబారితనం. అది తనతో ఆగదు, కొడుక్కి సంక్రమిస్తుంది. ఆస్తి ఉన్న ఇంట బిడ్డ ఆస్తికి వారసుడు. అప్పు మాత్రమే ఉన్న ఇంట బిడ్డ అప్పుకు వారసుడు. కనడానికి ముందు వేసుకోవలసిన లెక్క కన్న తరువాత, చేయిదాటిన సమయంలో, హింసగా బయటపడింది. ఆ హింసను సమర్థించవలసిన పని లేదు. అయితే అది ఒక లెక్కకు చివరి పంక్తి అని గుర్తించకపోతే కథను చదివినట్టు కాదు.

‘కన్యాశుల్కం’లో బిడ్డ ఆదాయం కాబట్టి కనడం మీద ఒత్తిడి. ‘యజ్ఞం’లో బిడ్డ తాకట్టు కాబట్టి కన్నందుకే పశ్చాత్తాపం. రెండిటా పేదరికం బిడ్డల సంఖ్య నుంచి పుట్టలేదు. వ్యాజ్యం, వడ్డీ, భూమి చేతులు మారడం నుంచి పుట్టింది. మాల్థస్ వాదానికి ఉత్తరాంధ్ర సాహిత్యం ఇచ్చిన జవాబుగా దీనిని చదవవచ్చు.

ఇక్కడే కథకు ఉన్న పరిమితినీ చెప్పాలి. సుందరపాలెం పంచాయతీ మగవారి సభ. అప్పు చేసినది తండ్రి, తీర్పు చెప్పేది పెద్దలు, ఎదురుతిరిగేది కొడుకు, చచ్చేది మనుమడు. ఆ పసివాడిని కన్న స్త్రీ ఈ వాదంలో ఒక పక్షం కాదు. బిడ్డ బతుకు విలువ ఎంతన్న చివరి మాట తండ్రిదే అయింది. భూస్వామ్యాన్ని ఇంత లోతుగా ప్రశ్నించిన కథ కుటుంబంలోపలి అధికారాన్ని ప్రశ్నించకుండా వదిలింది. వెంకమ్మకు దక్కినపాటి చోటు కూడా ఈ తల్లికి దక్కలేదు.

5. నినాదం నుంచి ప్రోత్సాహకం వరకు

సాహిత్యంలోని ఈ రెండు లెక్కల పక్కన ప్రభుత్వపాఠ్యాన్ని పెట్టి చూడాలి. 1952లో దేశం కుటుంబనియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎర్ర త్రికోణం గుర్తుతో, ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’, ‘చిన్న కుటుంబం – చింతలేని కుటుంబం’ వంటి నినాదాలతో అది పల్లె గోడలకెక్కింది. ఈ నినాదాలు ప్రాసతో, లాలిపాట చనువుతో మాట్లాడతాయి. వాటి తర్కం మాత్రం సూటిగా ఉంటుంది: చింతకు కారణం సంఖ్య. అప్పు, కూలి, భూమి ఆ వాక్యంలో లేవు. ‘యజ్ఞం’ రాసిన కాలంలోనే ఈ ప్రచారమూ ఊపందుకుంది. ఒకే పల్లెకు రెండు నిర్ధారణలు ఎదురుగా నిలిచాయి.

1975–77 అత్యవసరస్థితి కాలంలో నినాదం నిర్బంధమైంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని స్థానికసంస్థల పోటీకి అనర్హులను చేసింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. అంతకు ముందు నెలలోనే ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎక్కువమంది పిల్లలను కనాలని పిలుపునిచ్చారు. వృద్ధుల సంఖ్య పెరగడం, పనిచేసే వయసువారు తగ్గడం అందుకు చెప్పిన కారణాలు. 2025 మార్చిలో విజయనగరం పార్లమెంటు సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు మూడవ కాన్పులో ఆడబిడ్డ పుడితే 50,000 రూపాయలు, మగబిడ్డ పుడితే ఆవు ఇస్తానని ప్రకటించారు. గురజాడ పీఠికలోని గణన జరిగిన నేలమీదే ఆడబిడ్డ పేరిట మళ్లీ ఒక మొత్తం ప్రకటితమైంది. ఉద్దేశాలు పూర్తిగా వేరు. అది అమ్మకం, ఇది ఆడపిల్లకు ప్రోత్సాహం. అయినా పుట్టని బిడ్డ గురించి రూపాయల్లో మాట్లాడే అలవాటు మాత్రం కొనసాగింది.

సంక్షేమపథకాల నిబంధనలు కూడా చదవదగ్గ పాఠ్యాలే. 2020 జనవరిలో మొదలైన ‘అమ్మఒడి’ తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు నిర్దేశించింది. ఎంతమంది పిల్లలున్నా తల్లి ఒక్కటే లెక్క. 2025 జూన్‌లో మొదలైన ‘తల్లికి వందనం’లో బడికి పోయే ప్రతి బిడ్డా ఒక లెక్క. నిర్దేశించిన 15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. రెండు పేర్లలోనూ తల్లి ఉంది. యూనిట్ మాత్రం తల్లి నుంచి బిడ్డకు మారింది. కాల్డ్‌వెల్ చెప్పిన ఖర్చుప్రవాహంలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరించడం ఇది. దాని విలువను తక్కువచేయనక్కరలేదు.

అయితే కృష్ణదేవిపేటలో కూలికి పోయే ఒక జంట ఎదుట ఈ లెక్క పెట్టి చూద్దాం. ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలికాన్పుకు 5,000 రూపాయలు, రెండవ కాన్పులో ఆడబిడ్డ అయితే 6,000 ఇస్తుంది. బడి సొమ్ము ఒకటవ తరగతితో మొదలవుతుంది. నడుమ అయిదారేళ్లు ఉన్నాయి. మూడేళ్లు నిండాక అంగన్‌వాడీ ఉంది. దానికి ముందు బిడ్డను ఎవరు చూస్తారు? ఆ కాలంలో తల్లి పోగొట్టుకునే కూలిరోజులు ఏ పథకపు పట్టికలోనూ ఒక వరుసగా కనబడవు. ఆసుపత్రి ఖర్చుకు వడ్డీకి తెచ్చిన సొమ్ము కూడా కనబడదు. ప్రోత్సాహకం ఖర్చుకు జవాబు చెబుతుంది. ‘యజ్ఞం’ అడిగిన అప్పు ప్రశ్నకు చెప్పదు.

6. తిరిగి రాని నిర్ణయం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటు కాన్పులు 1992–93లో 2.6. అవి 2019–21 నాటికి 1.7కు తగ్గాయి. జనాభా స్థిరంగా ఉండటానికి కావలసిన 2.1 కన్నా ఇది తక్కువ. అంటే లెక్క వేయడం చేతగానివారని నినాదాలు భావించిన ప్రజలు ఎప్పుడో లెక్క వేశారు. కాని ఆ లెక్క అమలైన తీరు గమనించాలి. అదే 2019–21 సర్వేలో రాష్ట్రంలోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. పురుషుల వాటా ఒక శాతంలోపు. ఎడం పాటించడానికి ఉపయోగపడే తాత్కాలిక పద్ధతుల వాడకం అతి స్వల్పం. రెండవ భాగంలో చెప్పిన భాషావిషయం ఇక్కడ గణాంకంగా కనబడుతుంది. ‘తరువాత చూద్దాం’ అనే మధ్యమార్గం మన వాడుకలో లేనట్టే వైద్యసేవల ఆచరణలోనూ లేకపోయింది. ఉన్నవి ‘కలగడం’, ‘ఆపడం’ మాత్రమే.

అందుచేత ‘ఇంకా కనండి’ అనే నేటి పిలుపు ఎవరిని చేరుతుంది? ఒక తరం తల్లులకు ప్రభుత్వమే ఆపడం నేర్పింది. వారి విషయంలో ఆ నిర్ణయం సులభంగా వెనక్కి రానిది. మిగిలినది వారి కోడళ్లూ కూతుళ్లూ. ఆ యువతులకు తల్లుల అనుభవం ఒక పాఠం. నిన్న వద్దన్నవారే నేడు కావాలంటున్నారు, రెండుసార్లూ శరీరం తమదే అన్నది ఆ పాఠం. స్త్రీ శరీరం చుట్టూ ఉన్న రాజకీయాన్ని 1990లలో ఓల్గా ‘రాజకీయ కథలు’ వంటి రచనలు తెలుగు కథలో చర్చకు తెచ్చాయి. ఆ ఎరుకను కూలికుటుంబపు ఆర్థికంతో కలిపి చదవడం విమర్శ చేయవలసిన తరువాతి పని. కేవలం శరీరం వైపు నుంచి చూస్తే అప్పు మరుగున పడుతుంది. కేవలం అప్పు వైపు నుంచి చూస్తే ‘యజ్ఞం’లో వలె తల్లి మరుగున పడుతుంది.

సాహిత్యాన్నీ పథకాలనీ ఒకే తూకంలో వేయడం న్యాయమా అన్న ఆక్షేపణకు అవకాశం ఉంది. పథకం అమలు కావాలి, కథ ఆలోచింపజేస్తే చాలు. నిజమే. కాని పథకం కూడా మనిషిని ఊహించుకునే రాయబడుతుంది. ఆ ఊహలోని మనిషి ఎవరు, ఆమెకు ఏ భయాలున్నాయి అన్న ప్రశ్నలు విమర్శ పరిధిలోనివే.

7. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. ఉత్తరాంధ్ర రచనలలో బిడ్డ వరుసగా ఆదాయంగా (కన్యాశుల్కం), సంక్రమించే అప్పుగా (యజ్ఞం), ప్రభుత్వపాఠ్యాలలో మొదట భారంగా, ఇప్పుడు జనవనరుగా కనబడుతుంది. డబ్బు లెక్క లేని దశ వీటిలో ఏదీ లేదు.

2. పేదలు లెక్క లేకుండా కంటారన్న భావనను సామెతలు, సాహిత్యం, సర్వేలు మూడూ బలపరచవు. వారి లెక్కలో ప్రధానాంశం పెంపకపు ఖర్చు ఒక్కటే కాదు, బిడ్డకు దక్కబోయే బతుకు షరతులు కూడా.

3. ప్రోత్సాహకాలు ఖర్చులో కొంత తీరుస్తాయి. కూలిభద్రత, పసిబిడ్డల సంరక్షణ, అప్పు నుంచి విముక్తి లేనంతవరకు అవి నిర్ణయాన్ని మార్చగల శక్తిని పొందడం కష్టం.

4. పరిశీలించిన పాఠ్యాలన్నిటిలోనూ తల్లి పేరుంది, లేదా శరీరముంది. ఆమె నిర్ణయం మాత్రం అరుదు. వెంకమ్మ ప్రతిఘటన అందులో ఒక మినహాయింపు, అదీ అసంపూర్ణం.

మన్యపు తిరుగుబాటు కూలి న్యాయాన్ని అడిగింది. కూలి న్యాయంగా ఉన్న ఇంట్లోనే ‘కందాం’ అన్న మాటకూ ‘ఇప్పుడు వద్దు’ అన్న మాటకూ సమానమైన స్వేచ్ఛ ఉంటుంది. ఆ రెండు మాటలనూ ఒక తల్లి తన నోట పలికిన రచనలను వెదకి, ఉత్తరాంధ్ర కథా సంకలనాలలోనూ స్త్రీల మౌఖికకథనాలలోనూ సేకరించి పరిశీలించడం రాబోయే పరిశోధకులు చేపట్టదగిన పని.